బురుజు కింద మూడు నిమిషాలు

మాది మహానంది. ఊరిపేరు చెప్పగానే కొత్తగా పరిచయమైన వాళ్ళంతా “అబ్బ, ఎంత అదృష్టమండీ! రోజూ కోనేటి స్నానం, రోజూ స్వామి దర్శనం” అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. పక్కింటి వాళ్ళను పలకరించడం రేపటికీ ఎల్లుండికీ వాయిదా వేసినట్టే, దేవుడు పక్కనున్న వాళ్ళు దర్శనాన్నీ వాయిదా వేస్తారని వాళ్ళకేం తెలుసు! దూరాభారం వచ్చినవాళ్ళు తెల్లవారుజామునే లేచి మునకలేస్తుంటే, మేము పొయ్యి మీద పాలు పొంగకుండా కాపలా కాస్తూ ఉంటాం.

అయినా మా కోనేటి గురించి గొప్ప చెప్పుకోకుండా ఉండలేను. నల్లమల కొండల కింద ఎక్కడో పుట్టి, స్వామి లింగం అడుగు నుంచి ఊరివచ్చే ఆ నీళ్ళకు ఎండాకాలమూ వానాకాలమూ తేడా లేదు. చుట్టూ సీమంతా బిందెడు నీళ్ళకు కటకటలాడిన ఏడు కూడా మా కోనేరు నిండుగానే ఉంటుంది. గుడి దాటిన నీళ్ళు అరటితోటలకు పోతాయి. అడుగున పడ్డ రూపాయి బిళ్ళ బొమ్మో బొరుసో పైనుంచే చెప్పవచ్చు, అంత తేట. దాని గట్టు మీద ఆడా మగా, ముసలీ ముతకా ఎవరైనా ఎంతసేపైనా కూచోవచ్చు. “ఇక్కడెందుకు కూచున్నావమ్మా?” అని అడిగినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, దీంతో ముందు ముందు పని ఉంది.

మొన్న హైదరాబాదు నుంచి మా మనవరాలు ఫోను చేసింది.

“అవ్వా, రాజధాని నగరం నడిబొడ్డున ఉండే కూడలి గురించి వ్యాసం రాసుకుని రమ్మన్నారు బళ్ళో. పది వాక్యాలు చాలట. చార్మినారు రాద్దామంటే క్లాసులో అందరూ అదే రాస్తున్నారు.”

“అయితే మన రాజధాని గురించి రాయి.”

“మనదేగా హైదరాబాదు!”

“అది కాదే, మన కర్నూలు.”

అవతల నుంచి కాసేపు మాట లేదు. తర్వాత పక్కుమని నవ్వింది. “కర్నూలు రాజధానా! ఎప్పుడవ్వా?”

దాన్ననీ ఏం లాభం? దానికి తెలియదు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకు, మూడేళ్ళ ఒక నెల పాటు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఒక పిల్ల పుట్టి, పాకి, నడిచి, మాటలు నేర్చి, బడికి పోనని మారాం చేయడానికి పట్టేంత కాలం. నా మటుకు నేను లెక్క వేసుకుంటే నవ్వొస్తుంది. నేను పుట్టినప్పుడు మా రాజధాని మద్రాసు. నాకు మూడేళ్ళొచ్చేసరికి కర్నూలు. ఆరేళ్ళకు హైదరాబాదు. అరవై దాటాక అమరావతి. అద్దె ఇళ్ళు మారినట్టు మారాయి. ఇల్లు మారిన ప్రతిసారీ ఏదో ఒక సామాను పాత ఇంట్లో ఉండిపోవడం మన ఆడవాళ్ళందరికీ అనుభవమే. అట్లా కర్నూల్లో మా అమ్మ ముచ్చట ఒకటి ఉండిపోయింది, కొండారెడ్డి బురుజు దగ్గర.

మనవరాలికి పది వాక్యాలు చెప్పి ఫోను పెట్టేశాను. మిగిలినవి మీకు చెబుతున్నాను.

మా నాయన మద్రాసులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. 1953లో ఆఫీసుతో పాటు ఆయన్నూ కర్నూలుకు కదిపారు. పుట్టింట్లో, అంటే ఇక్కడే మహానందిలో, ఉన్న మా అమ్మ నన్నెత్తుకుని కాపురానికి వెళ్ళింది. అమ్మకు అప్పుడు ఇరవైమూడేళ్ళు. ఊరేమో చిన్నది, వచ్చిపడ్డ జనమేమో ఇంతమంది. ఎవరింట్లో చూసినా ఇద్దరు ముగ్గురు అద్దెకున్నవాళ్ళు. భవనాలు చాలక ప్రభుత్వం డేరాలు వేసి ఆఫీసులు నడిపింది. కొందరు ఉద్యోగులు కాపురాలు కూడా డేరాల్లోనే చేశారు. మా నాయన కూచునేదీ డేరాలోనే. కర్నూలు ఎండ సంగతి తెలిసిన వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. గాలి లేస్తే ఫైళ్ళలో కాగితాలు గాలిపటాలై పోయేవట. అందుకని ప్రతి ఫైలు మీదా ఒక నాపరాతి ముక్క పెట్టుకునేవారట. “మన నాపరాయి లేకుంటే ఆంధ్ర రాష్ట్రం ఎప్పుడో ఎగిరిపోయేది” అని నాయన చివరిదాకా చెప్పి నవ్వేవాడు.

మాకు దొరికింది ఒక ఇంట్లో ముందరి భాగం. అమ్మ ఆ మూడేళ్ళలో గడప దాటిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నాకు జబ్బు చేస్తే ఆస్పత్రికి, ఎప్పుడన్నా సినిమాకు, ఊరికి పోవాలంటే బండెక్కడానికి. ఎక్కడికైనా జట్కాలోనే, వెనక గుడ్డ కట్టి. ఎటు పోయినా దారిలో బురుజు కూడలి తగిలేది. ఒకసారి సాయంత్రం పూట, పెట్రోమాక్సు దీపాల వెలుగులో, పళ్ళబండ్లూ పూలగంపలూ తోపుడుజనమూ గుడ్డ సందులోంచి కనిపిస్తే, అమ్మ “బండి కాస్త ఆపించండి” అంది.

“ఎందుకు, ఏమన్నా కొనాల్నా?” అన్నాడు నాయన.

“ఏం లేదు. ఊరికే.”

“ఊరికేనా?” అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. ఆయన ఆలోచించేలోపల జట్కా కూడలి దాటిపోయింది.

అంతే కథ. ఇందులో ఏడుపూ లేదు, కొట్లాటా లేదు. కానీ అమ్మ దీన్ని యాభై ఏళ్ళు మరిచిపోలేదు. “రాజధానిలో మూడేండ్లున్నానే గానీ, బురుజు కాడ మూడు నిమిషాలు నిలబడలేదు” అనేది. నేను పెద్దదాన్నయ్యాక, అసలు ఆ బురుజులో ఏముందని చరిత్ర పుస్తకాలు తిరగేశాను.

కర్నూలు పాతపేరు కందెనవోలు. తుంగభద్ర అవతల అలంపురం గుళ్ళకు రాళ్ళు తోలుకుపోయే బండ్లవాళ్ళు, ఏరు దాటబోయే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన వేసుకునేవారని, దాంతో ఆ పేరు వచ్చిందని చెబుతారు. చూశారా, ఈ ఊరు పుట్టిందే నలుగురూ ఒకచోట ఆగడంతో! కాకపోతే వాళ్ళు ఊరికే ఆగలేదు, కందెన కోసం ఆగారు.

తుంగభద్రా హంద్రీ కలిసే ఆ చోట విజయనగర రాజు అచ్యుతదేవరాయలు కోట కట్టించాడు. ఆయన ఏలుబడి 1529 నుంచి 1542 వరకు. ఆ కోట బురుజుల్లో ఒకటే ఇప్పుడు ఊరి నడుమ నిలబడి ఉన్నది. కోట మొదట బీజాపూరు సుల్తానుల చేతికి పోయింది, తర్వాత నవాబులది అయింది. పదిహేడో శతాబ్దంలో అలంపురం పాలకుడు కొండారెడ్డిని పట్టి తెచ్చి ఈ బురుజులో ఖైదు చేశారని, అందుకే ఆయన పేరు దీనికి నిలిచిపోయిందని అంటారు. బురుజులోంచి తుంగభద్ర అడుగుగా అలంపురం దాకా సొరంగం ఉందని, అందులోంచే ఆయన తప్పించుకున్నాడని జనం కథగా చెప్పుకుంటారు. సొరంగం సంగతి దేవుడికెరుక. కానీ ఆ కథలో నాకు నచ్చింది ఒకటుంది. కట్టించిన రాయల పేరూ పెట్టలేదు, ఏలిన నవాబు పేరూ పెట్టలేదు. లోపల బందీగా కూచున్నవాడి పేరు పెట్టుకున్నారు మన జనం.

చివరి నవాబు గులాం రసూల్ ఖాన్. కోటలో ఆయుధాలు కూడబెడుతున్నాడని 1839లో ఇంగ్లీషువాళ్ళు దండెత్తి వచ్చి, కోటను పట్టుకుని, ఆయన్ను తిరుచిరాపల్లికి పంపేశారు. మరుసటి సంవత్సరం అక్కడే ఎవరో కత్తితో పొడిచి చంపారు. కర్నూలు కుంపిణీ పాలన కింద చేరింది. ఇక కోటతో పనేముంది? 1860ల్లో కోట గోడలు పడగొట్టించారు. కొన్ని బురుజులు మాత్రం మిగిల్చారు. గోడలు పోయిన చోట దారులు పడ్డాయి, దారులు కలిసిన చోట అంగళ్ళు వెలిశాయి, వాటి మధ్య బురుజు ఒంటరిగా మిగిలింది.

ఇక్కడ హైదరాబాదుతో పోల్చి చూస్తే తమాషాగా ఉంటుంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారు కట్టించి, దాన్నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు దారులు తీయించి, ఆ దారుల చుట్టూ నగరాన్ని పెంచాడు. ముందు కూడలి, ఆ తర్వాత ఊరు. ముగ్గు వేసేటప్పుడు మనం ముందు నడుమ చుక్క పెట్టుకోమూ, అట్లా. మా కర్నూలుది అందుకు తిరకాసు. మనుషుల్ని లోపలికి రానీయకుండా కట్టిన గోడ పోయాక, దాని ముక్క చుట్టూ మనుషులు వచ్చి చేరారు. కట్టడం వల్ల కాదు, పడగొట్టడం వల్ల వచ్చిన కూడలి ఇది. కోట కట్టినవాడు ఇది చూస్తే ఏమనుకునేవాడో!

ఇక రాజధాని సంగతి. మమ్మల్ని అప్పట్లో దత్తమండలాల వాళ్ళంటుండేవారు. నిజాం ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేసిన జిల్లాలని దాని అర్థం. ఆ పేరు వినడానికే నామోషీగా ఉందని, 1928లో మా నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు గారు “రాయలసీమ” అనే పేరు సూచించారు. పేరైతే వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం వేరుపడితే కోస్తా జిల్లాల పక్కన మా సీమ గతేమిటన్న భయం మాత్రం పోలేదు. దాన్ని తీర్చుకోవడానికి 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇంట్లో పెద్దలు కూచుని ఒప్పందం రాసుకున్నారు. ఆ ఇంటి పేరు శ్రీబాగ్, అందుకని అది శ్రీబాగ్ ఒడంబడిక. అమృతాంజనం సీసా లేని ఇల్లు మన తెలుగుదేశంలో ఉండేది కాదు గదా, ఆ అమృతాంజనం ఆయనదే. అందరి తలనొప్పులకూ మందు చేసిన మనిషి ఇంట్లోనే ఈ తలనొప్పికీ మందు వెతికారన్నమాట. రాజధానో హైకోర్టో, రెండింట్లో ఏది కావాలో కోరుకునే హక్కు సీమవాళ్ళదని ఆ మందు సారాంశం.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు 58 రోజుల నిరాహారదీక్షతో మద్రాసులో ప్రాణం వదిలారు. మరుసటేడు రాష్ట్రం వచ్చింది. విజయవాడే రాజధాని కావాలని పట్టుబట్టిన వాళ్ళు తక్కువేం కాదు. సీమ పెద్దలు మాత్రం ఒడంబడిక కాగితం చూపించి రాజధాని కోరుకున్నారు. హైకోర్టు 1954లో గుంటూరుకు వెళ్ళింది. 1953 అక్టోబరు 1న నెహ్రూ గారు కర్నూలు వచ్చి రాష్ట్రాన్ని ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి గారు ఉపముఖ్యమంత్రి.

ఆ రోజుల్లో బురుజు కూడలి ఎట్లా ఉండేదో నాయన చెప్పేవాడు. సాయంత్రం ఆఫీసు వదిలాక అందరూ అక్కడే తేలేవారట. శ్రీకాకుళం యాసా చిత్తూరు యాసా ఒకేచోట వినిపించేది. నెల్లూరు గుమాస్తా, గోదావరి గుమాస్తా, మా సీమ గుమాస్తా టీ గ్లాసులు పట్టుకుని ఏ మంత్రివర్గం ఎన్నాళ్ళుంటుందో పందాలు కాసేవాళ్ళట. 1954 నవంబరులో మద్యనిషేధం విషయం మీద ప్రకాశం గారి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయినప్పుడు, నాయన రాత్రి తొమ్మిదింటి దాకా బురుజు దగ్గరే ఉండిపోయాడు. ఇంట్లో అన్నం చల్లారిపోయింది.

“ఏం చేస్తాండ్రి అంతసేపు అక్కడ?” అని అమ్మ అడిగితే, ఆయన చెప్పిన జవాబు ఏమిటనుకున్నారు?

“ఏముంది, ఊరికే నిలబడినాం.”

అదండీ సంగతి! ఆ ‘ఊరికే’ ఆయన నోట వస్తే ఎవరికీ వింతగా లేదు. అమ్మ నోట వచ్చేసరికి జట్కావాడికి కూడా అర్థం కాలేదు.

1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, రాజధాని హైదరాబాదు అయింది. సీమవాళ్ళు ఇంతకాలం కోరుకుని తెచ్చుకున్నది చేతికొచ్చి మూడేళ్ళు తిరిగీ తిరగకముందే చేజారింది. ఆ బాధ ఇప్పటికీ మా వైపు ఉంది. 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తామని చట్టం తెచ్చి, 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నప్పుడు ఆ పుండు మళ్ళీ రేగింది కూడా. ఆ వాదాలు నాకెందుకు గానీ, మా ఇంటి సామాను సర్దిన రోజు మాత్రం నాకు మసకమసకగా గుర్తుంది. తెల్లవారి ఇంకా వెలుతురు రాలేదు. స్టేషనుకు పోయే జట్కాలో నేను అమ్మ ఒళ్ళో కూచున్నాను. బురుజు దగ్గరికి రాగానే అమ్మ గుడ్డ పక్కకు తీసి, తలంతా బయటపెట్టి చూసింది. కూడలిలో ఒక్క పురుగు కూడా లేదు. చూసి, మళ్ళీ గుడ్డ వేసేసింది.

నాయన రిటైరయ్యాక వాళ్ళిద్దరూ మహానంది చేరారు. నేను మేనమామ కొడుకునే చేసుకుని అంతకుముందే ఇక్కడికి కోడలినై వచ్చాను. నాయన పోయారు. అమ్మ రోజూ కోనేటి గట్టు మీద కూచునేది.

ఈ ‘ఊరికే నిలబడడం’ అన్నది మా అమ్మ ఒక్కదాని చాదస్తమా అని చాలాకాలం అనుకున్నాను. అర్జెంటీనా రాజధాని బ్వేనస్ ఏర్స్ నగరం నడిబొడ్డున ప్లాసా దె మాయో అని ఒక పెద్ద కూడలి ఉంది. దాని గురించి చదివాక ఆ అనుమానం పోయింది. 1976లో అక్కడ సైన్యం అధికారం లాక్కుంది. వేలమంది యువతీయువకుల్ని ఎత్తుకుపోయి ఏం చేశారో చెప్పలేదు. 1977 ఏప్రిల్ 30న 14 మంది తల్లులు “మా పిల్లలేరీ?” అని అడగడానికి ఆ కూడలికి వచ్చి నిలబడ్డారు. గుంపుగా నిలబడకూడదు, కదలండి, కదలండి అన్నారు పోలీసులు. సరేనని వాళ్ళు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని, కూడలి మధ్యనున్న స్తంభం చుట్టూ నడవడం మొదలుపెట్టారు. తర్వాత్తర్వాత ఒకరినొకరు గుర్తుపట్టడానికి తలకు తెల్లగుడ్డ కట్టుకున్నారు. ఆ గుడ్డలు మొదట ఏమిటో తెలుసా? తమ బిడ్డలకు పసితనంలో కట్టిన గుడ్డలు. వారం వారం గురువారం నాడు వచ్చి ఏళ్ళ తరబడి అట్లా నడిచారు. నిలబడే చోటు ఇవ్వకపోతే నడిచే చోటుగా చేసుకున్నారు ఆ తల్లులు. వాళ్ళ దుఃఖమెక్కడ, మా అమ్మ ముచ్చటెక్కడ! పోల్చకూడదు, నిజమే. కానీ ఊరి నడిబొడ్డున ఒక ఆడది కాలు నిలిపితే, “ఎందుకు?” అన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒకటే.

2003 సంక్రాంతికి “ఒక్కడు” సినిమా వచ్చింది. మా అబ్బాయి నంద్యాలలో చూసొచ్చి, “అవ్వా, మీ బురుజు సినిమాలోకి ఎక్కింది!” అని కేకలు పెట్టాడు. బురుజు కూడలిలో విలన్ చేతిలోంచి హీరోయిన్‌ను హీరో విడిపించే ఆ సన్నివేశం మీరూ చూసే ఉంటారు. అమ్మ అంతా విని, “అయితే ఆడపిల్ల అక్కడ నిలబడాలంటే ఇప్పటికీ పక్కన హీరో ఉండాల్నా?” అంది. ఆ మరుసటి వారమే నేను అమ్మను తీసుకుని నంద్యాల, పాణ్యం, ఓర్వకల్లు మీదుగా కర్నూలు బస్సెక్కాను. అమ్మకు డెబ్భైమూడేళ్ళు.

ఆటో దిగి కూడలిలో నిలబడ్డాం. బురుజు మీద జెండా ఎగురుతోంది. సినిమా చూసొచ్చిన కుర్రవాళ్ళు గుంపులు గుంపులుగా ఫోటోలు దిగుతున్నారు. అమ్మ నా చేయి పట్టుకుని తలెత్తి చూస్తూ నిలబడింది. నిమిషం కాలేదు, ఒక ఆటో అబ్బాయి “యాడికి పోవల్ల పెద్దమ్మా?” అన్నాడు. ఎక్కడికీ లేదన్నాం. ఇంకో నిమిషానికి ఎవరో పెద్దమనిషి “ఎవురికోసమన్నా చూస్తాండారా తల్లీ?” అన్నాడు. ఎవరికోసమూ లేదన్నాం. మూడోసారి పూలమ్మే ఆమె “మూర వేయమంటావామ్మా?” అంది.

అందరివీ మంచి మాటలే. ఒక్కరూ తప్పుగా అనలేదు. కానీ అమ్మ మెల్లగా నాతో అంది: “చూసినావా, ఆ మగపిల్లోళ్ళు గంటనుంచి గోడకానుకొని నిలబడినారు. వాళ్ళను ఒక్కరన్నా అడిగినారా?”

తర్వాత పూలామె వైపు తిరిగి, “పూలొద్దమ్మా. ఊరికే నిలబడినా” అని చెప్పింది. యాభై ఏళ్ళ నాడు చెప్పిన మాటే. ఈసారి కాస్త గట్టిగా.

పూలామె నవ్వింది. “నిలబడుమ్మా, ఎంతసేపన్నా నిలబడు. నేను ఇరవై ఏండ్లసంది ఈడ్నే కూచున్నా. అయితే ఈ గంప ఉండబట్టి సరిపోయిందిలే. గంప లేకుంటే నన్నూ కూచోనియ్యరు.”

అమ్మ ఆమె పక్కనే గట్టు మీద కూలబడింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆ రద్దీలో నాకు సరిగా వినపడలేదు. మూడు నిమిషాలనుకున్నది ముప్పావుగంట అయింది. వచ్చేటప్పుడు పూలు కొనబోతే అమ్మ వద్దంది. “కొంటే పూలకోసం వచ్చినట్టు అయితుంది” అంది.

2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ పొంగి కర్నూలును ముంచేశాయి. కర్నూలు రాజధాని అయిన తేదీకి సరిగ్గా మరునాడు. పాతబస్తీ అంతా నీళ్ళే. టీవీలో ఆ దృశ్యాలు చూస్తూ అమ్మ అన్నం ముట్టలేదు. “బురుజు ఉందంటనా?” అంది. ఉందన్నాను. ఆమెకున్న బెంగ బురుజు గురించి కాదని మరునిమిషంలో తెలిసింది. “పూలామె ఎట్లుందో” అంది.

నీళ్ళు తీసి, బురద కడిగి, అంగళ్ళు మళ్ళీ తెరిచాక నేను పోయాను. అదే చోట, అదే మాదిరి గంపతో, వేరే ఆమె కూచుని ఉంది. అడగబోయి ఆగిపోయాను. ఏమని అడుగుతాను? పేరు తెలియదు. రాయలవారి తేదీలు తెలుసుకున్నాను, నవాబును ఎక్కడ చంపారో తెలుసుకున్నాను, ముప్పావుగంట మా అమ్మకు పక్కన చోటిచ్చిన మనిషి పేరు మాత్రం తెలుసుకోలేదు. చరిత్ర రాసేవాళ్ళు చేసే తప్పే నేనూ చేశాను. ఇంటికొచ్చి అమ్మతో “బాగుంది, కులాసాగా ఉంది” అని అబద్ధమాడాను. అమ్మ మరి రెండేళ్ళకు పోయింది.

ఆ తర్వాత 2020లో వచ్చిన మరో సినిమాకు బురుజును హైదరాబాదులోనే సెట్టు వేసుకున్నారట. రాజధాని ఎలాగూ పోయింది, చివరకు బురుజు కూడా పోయిందే అని ఇంట్లో అందరం నవ్వుకున్నాం. కానీ సెట్టులో బురుజు ఎంత బాగా కట్టినా, గంప పెట్టుకుని ఒక ఆమె ఇరవై ఏళ్ళు కూచున్న చోటును కట్టలేరు కదా.

ఇవన్నీ మనవరాలికి చెప్పలేదు. దానికి కావలసింది పది వాక్యాలు. నిన్న మళ్ళీ ఫోను చేసింది.

“అవ్వా, తొమ్మిది రాశాను. కందెన, అచ్యుతదేవరాయలు, కొండారెడ్డి, నవాబు, డేరాలు, అన్నీ రాశాను. పదోది ఏం రాయను?”

“ఊరి నడుమ ఎవరైనా ఊరికే నిలబడగలిగిన చోటును కూడలి అంటారు, అని రాయి.”

అది రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. మళ్ళీ ఆగి, “ఊరికే అంటే మా టీచరు ఒప్పుకోదవ్వా. కారణం రాయమంటుంది” అంది.

నేనేం చెప్పను? ఫోను పెట్టేశాను. పొయ్యి కట్టేసి, తలుపు దగ్గరికి వేసి, కోనేటి గట్టు మీదికి పోయి చీకటి పడేదాకా కూచున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు.